ఆపరేషన్‌కు ముందు ఊపిరి లెక్క



కోస్తాలో పుట్టి పెరిగినవారికి రేడియోతో ముడిపడిన ఒక జ్ఞాపకం తప్పకుండా ఉంటుంది. కార్తీక మాసంలో ఒక సాయంత్రం ఆకాశం మసకబారేది, గాలి వాలు మారేది. ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరేవారు. "మచిలీపట్నం, నిజాంపట్నం ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు" అన్న మాట చెవిన పడగానే వేటకు సిద్ధమైన పడవ ఒడ్డునే ఆగిపోయేది. కోసిన వరి పనలు గబగబా కుప్పకెక్కేవి. పశువుల పలుపులు విప్పేవారు. ఆ నంబరు తుపానును ఆపలేదు. సరిగ్గా ఎవరి కప్పు లేచిపోతుందో చెప్పలేదు. మనకు అది ఇచ్చేది కాస్త వ్యవధి. ఆ వ్యవధిలో ఏం చేశామన్నదాన్ని బట్టే దాని విలువ.

ఇవాళ అలాంటి మరో నంబరు గురించి మీతో మాట్లాడాలని వచ్చాను. ఆపరేషన్ అయ్యాక ఒక మనిషి ఊపిరితిత్తులకు ఎంత ముప్పు ఉందో ముందే అంచనా వేసే నంబరు అది.

నేను మత్తు డాక్టరుని. ఆపరేషన్ ఖాయమయ్యాక మీరు "ఫిట్‌నెస్ కోసం" అంటూ కాగితాలు పట్టుకుని వచ్చేది మా దగ్గరికే. అలా వచ్చినవారు నన్ను ఎక్కువగా అడిగేది గుండె గురించి. "గుండె తట్టుకుంటుందా డాక్టరు గారూ?" అంటారు. ఈసీజీ కాగితం ముందే చేతిలో పట్టుకుని ఉంటారు. "ఊపిరితిత్తులు తట్టుకుంటాయా?" అని అడిగినవారు చాలా అరుదు. పెద్ద ఆపరేషన్ల తర్వాత ఊపిరితిత్తుల ఇబ్బందులు అరుదైనవేమీ కావు. వాటివల్ల మనిషి ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండిపోతాడు, ఖర్చు పెరుగుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. కోత పొట్ట మీద పెడితే ఊపిరితిత్తులకేమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. ముందుగా అది చెబుతాను.

మన ఊపిరితిత్తుల్లో ముప్పై కోట్లకు పైగా చిన్న చిన్న గాలి గదులున్నాయి. వాటిని తెరిచి ఉంచే పని మనకు తెలియకుండానే జరిగిపోతుంటుంది. మామూలుగా కూర్చుని ఉన్న మనిషి కూడా గంటకు పది పన్నెండు సార్లు ఒక పెద్ద ఊపిరి తీస్తాడు. నిట్టూర్పు అంటాం కదా, అదే. దుఃఖమొచ్చినప్పుడే నిట్టూరుస్తామని మనం అనుకుంటాం. ఊపిరితిత్తులకు మాత్రం అది రోజువారీ అవసరం. మూతపడబోతున్న గాలి గదులు ఆ ఒక్క పెద్ద ఊపిరితో మళ్లీ తెరుచుకుంటాయి.

ఇప్పుడు మనిషిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాం అనుకోండి. పొట్టలోని పేగులూ కాలేయమూ బరువుగా పైకి జరిగి, ఛాతీకీ పొట్టకూ నడుమ గొడుగులా ఉండే డయాఫ్రం అనే కండరాన్ని నెడతాయి. ఊపిరి వదిలాక కూడా లోపల నిలవ ఉండే గాలి ముప్పావు లీటరుకు పైనే తగ్గిపోతుంది. మత్తు ఇచ్చాక కండరాలు సడలి మరో అర లీటరు దాకా తగ్గుతుంది. నిట్టూర్పులు ఆగిపోతాయి. ఊపిరితిత్తి కింది భాగంలో గాలి గదులు కొన్ని నలిగి మూసుకుపోతాయి. 1980లలో స్వీడన్‌లో యోరాన్ హెడెన్‌స్టియర్నా బృందం మత్తులో ఉన్నవారికి సీటీ స్కాన్ తీసి ఈ సంగతిని కళ్లకు కట్టినట్టు చూపింది. పూర్తి మత్తు తీసుకున్న ప్రతి పది మందిలో దాదాపు తొమ్మిది మందికి ఎంతో కొంత ఇలా జరుగుతుందని ఇప్పుడు మాకు తెలుసు.

చాలామందికి లేచి కూర్చుని నాలుగు అడుగులు వేస్తే అవి తిరిగి తెరుచుకుంటాయి. కానీ కోత పొట్ట పైభాగాన, పక్కటెముకల కింద పడిందనుకోండి. ఊపిరి తీసిన ప్రతిసారీ నొప్పి. నొప్పికి భయపడి మనిషి పైపైనే ఊపిరి తీస్తాడు, దగ్గు ఆపుకుంటాడు. డయాఫ్రం కూడా కొన్ని రోజుల పాటు మందకొడిగా పనిచేస్తుంది. దగ్గు లేకపోతే తెమడ బయటికి రాదు. తెమడ నిలిచిన చోట, గాలి ఆడని చోట, క్రిములు చేరతాయి. మూడో రోజుకో నాలుగో రోజుకో జ్వరం, ఆయాసం. దాన్నే న్యుమోనియా అంటాం. లండన్ వైద్యుడు విలియం పాశ్చర్ 1910 నాటికే పొట్ట ఆపరేషన్ల తర్వాత ఊపిరితిత్తి కుంచించుకుపోవడం గురించి రాశారు. ఈ ముప్పు వైద్యులకు కొత్తదేమీ కాదు. అది ఎవరికి వస్తుందో ముందే లెక్కగట్టగలగడం మాత్రం ఇటీవలి సంగతి.

ఆ లెక్క దగ్గరికి వెళ్లే ముందు మన హైదరాబాద్‌ను ఒకసారి తలుచుకోవాలి. 1888, 1889 సంవత్సరాల్లో అక్కడ అప్పటి మత్తుమందు క్లోరోఫాం మీద రెండు కమిషన్లు పనిచేశాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటి ఖర్చు భరించారు. ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు ముందుండి నడిపారు. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొన్నారు. మత్తు ఇచ్చేటప్పుడు రోగి నాడిని పట్టుకు కూర్చోవద్దు, ఊపిరిని గమనించండి అని వారు తేల్చారు. గుండె విషయంలో వారి తీర్పు సరికాదని, క్లోరోఫాం గుండెను కూడా ఆపగలదని తర్వాతి పరిశోధనలు రుజువు చేశాయి. అయినా ఊపిరి మీద కన్ను వేసి ఉంచమన్న ఆ మాట మా వృత్తిలో నిలిచిపోయింది. ఆపరేషన్ బల్ల మీద ఉన్నంతసేపే గాక, ఆపరేషన్‌కు నెల ముందు నుంచీ ఆ కన్ను వేసి ఉంచడమెలాగో ఇవాళ మనం నేర్చుకుంటున్నాం.

ఇక లెక్క సంగతి. స్పెయిన్ దేశంలో కాటలోనియా అనే ప్రాంతం ఉంది. బార్సిలోనా నగరం ఉన్నది అక్కడే. 2006లో అక్కడి 59 ఆసుపత్రుల్లో, చీటీ తీసినట్టు ఎంచిన రోజుల్లో ఆపరేషన్ జరిగిన 2464 మందిని వైద్యులు వరసగా గమనించారు. జౌమె కనెట్ అనే మత్తు వైద్యుడు ఈ పనికి నాయకుడు. ఎవరికి న్యుమోనియా వచ్చింది, ఎవరికి ఊపిరితిత్తి కుంచించుకుపోయింది, ఎవరికి ఛాతీలో నీరు చేరింది, ఎవరికి ఆక్సిజన్ పడిపోయింది, అన్నీ రాసుకున్నారు. వందకు అయిదుగురికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. 5 అంటే తక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఇబ్బంది వచ్చినవారిలో 30 రోజుల లోపు చనిపోయినవారు 19.5 శాతం. రానివారిలో అర శాతం మాత్రమే. అంటే అక్కడ ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు, ఇక్కడ రెండు వందల మందిలో ఒకరు. 2010లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. వాటి నుంచి పుట్టిన ఈ లెక్క పేరు అరిస్‌క్యాట్ స్కోరు.

ఎన్నో విషయాలు జల్లెడ పట్టి చివరికి ఏడు నిగ్గు తేల్చారు. ఒక్కొక్కటే చెబుతాను. కాగితం, కలం దగ్గరుంటే రాసుకోండి.

మొదటిది వయసు. 50 ఏళ్ల వరకు సున్నా. 51 నుంచి 80 దాకా 3 మార్కులు. 80 దాటితే 16.

రెండోది రక్తంలో ఆక్సిజన్ శాతం. కరోనా రోజుల్లో మన ఇళ్లలోకి కూడా వచ్చిన ఆ వేలి క్లిప్పు, పల్స్ ఆక్సీమీటరు, దానితోనే చూస్తారు. 1970లలో జపాన్‌లో టకువో అయోయాగి అనే ఇంజనీరు దాని మూలసూత్రాన్ని కనిపెట్టారు. మామూలు గాలి పీలుస్తుండగా 96, ఆపైన ఉంటే సున్నా. 91 నుంచి 95 మధ్య ఉంటే 8. 90, అంతకన్నా తక్కువైతే 24.

మూడోది, గడిచిన నెల రోజుల్లో జ్వరంతో వచ్చి యాంటీబయాటిక్ మందులు వాడేంతటి జలుబో, దగ్గో, గొంతు నొప్పో, ఛాతీ పట్టేయడమో. ఉంటే 17.

నాలుగోది రక్తహీనత. హిమోగ్లోబిన్ 10, అంతకన్నా తక్కువ ఉంటే 11.

ఐదోది కోత ఎక్కడ అన్నది. పొట్ట పైభాగాన అయితే 15. ఛాతీ లోపల అయితే 24. చేయి, కాలు వంటి చోట్ల అయితే సున్నా.

ఆరోది ఎంతసేపు అన్నది. 2 గంటల లోపు సున్నా. 2 నుంచి 3 గంటలైతే 16. 3 గంటలు దాటితే 23.

ఏడోది, ఆపరేషన్ అప్పటికప్పుడు అత్యవసరంగా చేయాల్సినదైతే 8.

ఇవన్నీ కూడాలి. 26 లోపు వస్తే ముప్పు తక్కువ. కాటలోనియాలో అలాంటివారిలో 1.6 శాతం మందికే ఇబ్బంది వచ్చింది. 26 నుంచి 44 దాకా అయితే మధ్యస్థం, 13.3 శాతం. 45, ఆపైన అయితే ఎక్కువ, 42.1 శాతం. అంటే ఆ మూడో గుంపులో ప్రతి పది మందిలో నలుగురికి పైగా.

ఈ ఏడు ప్రశ్నల్లో స్కానింగ్ లేదు, ఖరీదైన పరీక్ష లేదు. వేలికి ఒక క్లిప్పు, ఒక చుక్క రక్తం, నాలుగు మాటలు. మండల కేంద్రంలోని ఆసుపత్రిలో కూడా అయిదు నిమిషాల్లో తేలే లెక్క ఇది.

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. ఊహించి చెబుతున్నదే. శ్రీకాకుళం దగ్గర ఒక పల్లెలో 68 ఏళ్ల పెద్దమ్మ ఉందనుకోండి. పిత్తాశయంలో రాళ్లు. పొట్ట పైభాగాన కోత పెట్టే చేయాలన్నారు, రెండున్నర గంటలు పడుతుందన్నారు. వయసుకు 3. వేలి క్లిప్పు 94 చూపింది, 8. రెండు వారాల కిందట జ్వరమూ దగ్గూ వచ్చి యాంటీబయాటిక్ వాడింది, 17. హిమోగ్లోబిన్ 9.6, దానికి 11. కోతకు 15, సమయానికి 16. అంతా కలిపితే 70. అంటే మూడో గుంపులో, అదీ బాగా లోపలికి.

ఇప్పుడు ఆ ఆపరేషన్ ఇవాళే చేసి తీరాలన్న తొందర లేదనుకుందాం. ఆరు వారాలు ఆగారు. దగ్గు పూర్తిగా తగ్గింది, 17 పోయింది. డాక్టరు చెప్పిన ఐరన్ మందులు వాడింది, తోటకూరా, మునగాకూ తిన్నది, హిమోగ్లోబిన్ 10 దాటింది, 11 పోయింది. ఛాతీ తేలికపడి క్లిప్పు 96 చూపింది, 8 పోయింది. మిగిలింది 34. అదే పెద్దమ్మ, అదే కోత, అదే రాళ్లు. మూడో గుంపు నుంచి రెండో గుంపుకు వచ్చింది.

ఇక్కడ నేను నిజాయితీగా ఒక మాట చెప్పాలి. స్కోరు 70 నుంచి 34కు దిగింది కాబట్టి ముప్పు కూడా సరిగ్గా అదే లెక్కన దిగిందని ఆ అధ్యయనం రుజువు చేయలేదు. ఎవరికి ఎక్కువ వచ్చిందో అది చూసింది. మార్కులు తగ్గించి చూసిన పరీక్ష కాదు. అయినా, ముదిరిన దగ్గుతో, పలచబడిన రక్తంతో బల్ల ఎక్కడం కన్నా, అవి తగ్గాక ఎక్కడం మేలన్నది నా అనుభవమూ చెబుతుంది. ఓడరేవులో ఎగరేసే నంబరును మనం దించలేం. ఈ నంబరులో కొంత భాగం మాత్రం మన చేతుల్లో ఉంది. వయసు మారదు. కోత చోటు చాలాసార్లు మారదు. దగ్గు, రక్తం, ఈ రెండింటివే కలిపి 28 మార్కులు. తక్కువ ముప్పుకు గీసిన గీత 26. ఈ రెండు తప్ప మరేదీ లేకపోయినా మనిషి ఆ గీత దాటిపోతాడు.

రక్తహీనత మన దగ్గర ఎంతగా పాతుకుపోయిందో మీకు తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. వారిలో అందరికీ హిమోగ్లోబిన్ 10 లోపు ఉండదు. కానీ మన ఆడవాళ్లు "కాస్త నీరసం, అంతే" అని ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. ఆపరేషన్ రోజు దగ్గరపడ్డాక గాని ఆ సంగతి బయటపడదు. ఐరన్ మందు పనిచేయడానికి వారాలు కావాలి. అందుకే ఆపరేషన్ మాట వచ్చిన రోజే రక్తం చూపించుకోండి.

దగ్గు విషయంలో మాకు ఎదురయ్యే ఇబ్బంది వేరు. మనవాళ్లు చెప్పరు. మంచిరోజు చూసుకుని వచ్చారు, కొడుకు సెలవు పెట్టుకుని హైదరాబాద్ నుంచి వచ్చాడు, ఆరోగ్యశ్రీ అనుమతి కూడా వచ్చింది. ఇప్పుడు "వారం కిందట జ్వరం వచ్చింది" అంటే డాక్టరు వెనక్కి పంపేస్తాడేమోనని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఒక రోజు కూలి పోవడం అంటే ఏమిటో, మళ్లీ బస్సు ఛార్జీలు పెట్టుకుని రావడం అంటే ఏమిటో నాకు తెలుసు. కానీ అమ్మా, అయ్యా, ఆ ఒక్క మాట 17 మార్కులు. పిత్తాశయంలో రాళ్లు, హెర్నియా లాంటి చాలా ఆపరేషన్లు కొన్ని వారాలు ఆగగలవు. ఆగలేనివి ఉంటే, కేన్సర్ గడ్డ అయితే, పేగు మడతపడితే, డాక్టరే ఆ సంగతి చెప్పి ముందుకు వెళతారు. దాచిన దగ్గును మాత్రం మేమెవరమూ లెక్కలోకి తీసుకోలేం.

కరోనా ఈ పాఠాన్ని ప్రపంచమంతటికీ కఠినంగా నేర్పింది. 2020లో 24 దేశాల్లోని 235 ఆసుపత్రుల లెక్కలు చూస్తే, ఆపరేషన్‌కు కాస్త ముందో తర్వాతో ఆ వైరస్ సోకినట్టు తేలిన 1128 మందిలో సగానికి పైగా ఊపిరితిత్తుల ఇబ్బందుల పాలయ్యారు. దాదాపు నాలుగో వంతు మంది 30 రోజుల్లో చనిపోయారు. వీలైతే ఏడు వారాలైనా ఆగి ఆపరేషన్ చేయడం మేలని మరుసటి ఏడాది వచ్చిన మరో పెద్ద అధ్యయనం తేల్చింది.

ఇంతసేపూ విని మీలో కొందరు ఒక సంగతి పట్టుకునే ఉంటారు. ఈ ఏడింటిలో బీడీ లేదు, చుట్ట లేదు, ఆస్తమా లేదు. మరి పొగ తాగితే ఏమీ కాదనా? కానే కాదు. పొగ చేసిన చేటు చాలావరకు ఆ వేలి క్లిప్పు చూపే అంకెలో, తరచూ వచ్చే దగ్గులో అప్పటికే కనిపించిపోతుంది. అందుకే లెక్కలో దానికి విడిగా మార్కులు పడలేదు. డాక్టరు మాత్రం విడిగా అడగాల్సిందే, మీరు విడిగా చెప్పాల్సిందే.

మన ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకునే అలవాటు. "పొగ తాగుతారా?" అన్న ప్రశ్న ఆసుపత్రుల్లో మగవారినే అడుగుతుంటారు. ఆ అవ్వను ఎవరూ అడగరు, ఆమె తనంతట తాను చెప్పదు. ముప్పై నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న తల్లి సంగతీ అంతే. ఒక్క బీడీ ముట్టకపోయినా ఆ ఊపిరితిత్తులు పొగకు మసిబారే ఉంటాయి. మీ అమ్మను, అత్తగారిని ఫిట్‌నెస్‌కు తీసుకొచ్చినప్పుడు ఈ మాట మీరైనా చెప్పండి.

పొగ మానడం ఎప్పుడంటే, వీలైనంత ముందు. నాలుగు వారాలు, ఆపైన మానినవారికి ఊపిరితిత్తుల ఇబ్బందులు తగ్గుతాయని అధ్యయనాలు చెబుతున్నాయి. "చివర్లో మానితే దగ్గు ఎక్కువై ప్రమాదం" అన్న మాట ఒకటి ఊళ్లలో తిరుగుతుంది. దానికి ఆధారం దొరకలేదు. ఒక్క రోజు మానినా రక్తంలో చేరిన కార్బన్ మోనాక్సైడ్ దిగిపోయి, ఆక్సిజన్‌కు చోటు దొరుకుతుంది.

ఇక ఈ లెక్కకున్న హద్దులు కూడా చెప్పాలి. కాటలోనియాలో పుట్టిన ఈ కొలబద్దను తర్వాత యూరప్‌లోని 63 ఆసుపత్రుల్లో 5099 మంది మీద పరీక్షించారు. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద పనికొచ్చింది. కానీ అన్ని ప్రాంతాల్లోనూ ఒకే కచ్చితత్వంతో పనిచేయలేదు. పశ్చిమ యూరప్‌లో ఒక తీరు, తూర్పున ఒక తీరు. యూరప్‌లోనే తేడాలుంటే, రక్తహీనతా, వంటింటి పొగా, క్షయా ఇంతగా ఉన్న మన నేల మీద ఆ శాతాలను ఉన్నవున్నట్టు నమ్మకూడదు. మార్కులు దారి చూపుతాయి, శాతాలు ఆ ఊరివి. పైగా ఏ స్కోరైనా గుంపు గురించి చెబుతుంది. 42 శాతం అంటే నూటికి 58 మందికి ఏమీ కాలేదని కూడా అర్థం. కాబట్టి ఎక్కువ మార్కులు వచ్చాయని ఆపరేషన్ మానేసి ఇంటికి వెళ్లిపోకండి. జాతకం చూసి పెళ్లి సంబంధం వదులుకున్నట్టు వాడే వస్తువు కాదిది.

మరి ఆ నంబరుతో మేమేం చేస్తాం? మార్కులు ఎక్కువగా ఉన్నవారికి వీలైతే పూర్తి మత్తు బదులు నడుముకు ఇచ్చే మత్తు ఆలోచిస్తాం. పెద్ద కోత బదులు చిన్న రంధ్రాలతో అవుతుందేమో సర్జన్‌తో మాట్లాడతాం. యంత్రంతో ఊపిరి ఇచ్చేటప్పుడు ఒక్కో ఊపిరికి గాలి ఎంత ఇవ్వాలో మనిషి పొడవును బట్టి జాగ్రత్తగా కొలుస్తాం. కండరాలు సడలించే మందు ప్రభావం పూర్తిగా పోయిందని తేలాకే గొట్టం తీస్తాం. మొదటి రాత్రికి ఐసీయూలో ఒక మంచం ముందే చెప్పి ఉంచుతాం. నొప్పి తెలియకుండా చేయడం మీద మరింత శ్రద్ధ పెడతాం. నొప్పి తగ్గితేనే ఊపిరి లోతుగా వస్తుంది.

మీ వంతు పని చెప్పాలంటే ముందుగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగిన ఒక పరీక్ష గురించి చెప్పాలి. 2018లో దాని ఫలితాలు వచ్చాయి. పొట్ట పైభాగాన పెద్ద ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న 441 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు కరపత్రం ఇచ్చి పంపారు. రెండో గుంపుకు కరపత్రంతో పాటు ఫిజియోథెరపిస్టు ఒక్కసారి, కేవలం 30 నిమిషాలు, ఎదురుగా కూర్చుని చెప్పారు. ఆపరేషన్ అయ్యాక మీ ఊపిరితిత్తులు ఎందుకు మూసుకుపోతాయో, మెలకువ రాగానే గంట గంటకూ ఎలా ఊపిరి తీయాలో నేర్పారు. అంతే. కరపత్రం గుంపులో 27 శాతం మందికి ఊపిరితిత్తుల ఇబ్బందులు వచ్చాయి. రెండో గుంపులో 12 శాతం. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. అర గంట మాట.

ఆ అర గంటలో చెప్పాల్సినవి నాకు తోచిన తీరులో మీకూ చెబుతాను. ఆపరేషన్ ఖాయమైన రోజు నుంచే సాధన మొదలుపెట్టండి. నిటారుగా కూర్చోండి. ముక్కుతో నెమ్మదిగా, లోపలికంటా ఊపిరి తీయండి. మూడు అంకెలు లెక్కపెట్టే దాకా ఆపండి. నెమ్మదిగా వదలండి. ఇలా పదిసార్లు. ఆపరేషన్ తర్వాత మెలకువగా ఉన్న ప్రతి గంటా ఇదే పదిసార్లు.

మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఒకటి ఆసుపత్రిలో కొనిపిస్తారు. మంచం చుట్టూ చేరిన బంధువులందరూ "ఊదు, గట్టిగా ఊదు" అంటుంటారు. అది ఊదేది కాదండీ. పీల్చేది. కొబ్బరిబోండంలో గొట్టం వేసి తాగినట్టు లోపలికి పీల్చాలి, అప్పుడే బంతులు లేస్తాయి. ఆ పరికరం ఒక్కటే ముప్పు తప్పిస్తుందని పరిశోధనలు చెప్పడం లేదు. అది మనకు లోతైన ఊపిరిని గుర్తుచేస్తుంది, అంతవరకే.

తర్వాత దగ్గు. "దగ్గకు, కుట్లు ఊడిపోతాయి" అని మన ఇళ్లలో అందరూ అంటారు. ప్రేమతో అనే మాటే, కానీ హాని చేసే మాట. ఒక దిండు తీసుకుని కోత మీద రెండు చేతులతో అదుముకుని దగ్గమనండి. ఆ ఆసరాతో నొప్పి తగ్గుతుంది, తెమడ బయటికి వస్తుంది. నొప్పి ఓర్చుకోవడం గొప్ప అనుకుని మందు వద్దనకండి. సర్జన్ ఒప్పుకోగానే, వీలైతే మొదటి రోజే, మంచం మీద లేపి కూర్చోబెట్టండి, పట్టుకుని నాలుగు అడుగులు వేయించండి. తలవైపు మంచం ఎత్తి ఉంచమని నర్సమ్మను అడగండి. పూటపూటా పళ్లు తోమించండి, నోరు పుక్కిలించమనండి. నోట్లోని క్రిములే ఊపిరితిత్తుల్లోకి జారేది.

కొత్తగా ఆయాసం పెరిగినా, జ్వరం వచ్చినా, తెమడ రంగు మారినా, వేలి క్లిప్పు అంకె పడిపోతున్నా, ముసలివారు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, తెల్లారాక చూద్దామనుకోకండి. ఆ రాత్రే పిలవండి. ఆక్సిజన్ తగ్గితే మనిషికి ముందు దెబ్బతినేది తెలివిడి.

శ్రోతలారా, ఈ ఏడింటి మార్కులూ మీరు గుర్తుపెట్టుకోకపోయినా పర్వాలేదు. అవి మా పని. మీరు ఫిట్‌నెస్ కాగితం పట్టుకుని వచ్చినప్పుడు సంతకం పెట్టించుకుని వెళ్లిపోకుండా, మా ఎదురుగా ఒక్క నిమిషం కూర్చుని రెండు ప్రశ్నలు వేయండి. "డాక్టరు గారూ, మా అమ్మ ఊపిరితిత్తులకు ముప్పు ఎంత? దాన్ని తగ్గించుకోవడానికి మాకు ఎన్ని రోజులు ఉన్నాయి?" మొదటి ప్రశ్నకు జవాబు ఒక నంబరు. రెండో ప్రశ్నకు జవాబుగా మీకు పని దొరుకుతుంది. చుట్ట పక్కన పెట్టించడం, రక్తం పట్టించడం, దగ్గు తగ్గేదాకా ఆగడం, రోజూ సాయంత్రం పక్కన కూర్చుని "అమ్మా, ఇంకో ఊపిరి" అంటూ పదిదాకా లెక్కపెట్టడం. ఆ లెక్క ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు.